నీటి అడుగు గడ్డికి శంకుస్థాపన

కంటికి కనిపించని గడ్డికి కూడా తమ ప్రభుత్వం అండగా నిలుస్తుందని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన నా షెడ్డులోనే జరిగింది. నేను పడవ ఇంజన్లు బాగుచేస్తాను. సముద్రం ఒడ్డున నీడంటూ ఉన్నది నా షెడ్డు ఒక్కటే కాబట్టి చరిత్ర అక్కడే కుర్చీ వేసుకుంది. షెడ్డు వెనకే నా ఇల్లు. గుమ్మం నుంచి నీళ్లదాకా అరవై అడుగులు. ఈ కథలో నాకున్న స్వార్థం ఆ అరవై అడుగులే.

కాలేజీలో సముద్రపు మొక్కల పాఠం చెప్పే మేడం రెండు గాజు తొట్లు తెచ్చి బల్లమీద పెట్టారు. ఆవిణ్ణి మేం గడ్డి మేడం అంటాం. రెండింటిలోనూ ఇసక, నీళ్లు. ఒకదానిలో మాత్రం సముద్రం అడుగున పెరిగే గడ్డి నాటి ఉంది. ఆవిడ అట్టముక్కతో నీళ్లను అటూ ఇటూ ఊపారు. గడ్డి లేని తొట్టిలో ఇసక లేచి నీళ్లన్నీ మురికైపోయాయి. గడ్డి ఉన్న తొట్టిలో ఆకులు అల జోరు తగ్గించాయి, వేళ్లు ఇసకను కదలనివ్వలేదు.

"అంటే మన ఒడ్డును పట్టుకుని ఉన్నది ఈ గడ్డేనా?" అన్నారు మంత్రిగారు నోరెళ్లబెట్టి.

"అవును సార్."

"మరి మేం ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు సార్. దాని జోలికి వెళ్లకపోతే చాలు."

మంత్రిగారి పక్కనే ఉన్న శాఖ కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నారు.

"జోలికి వెళ్లకుండా ఉండాల్సింది ఏ శాఖ మేడం?"

"అన్ని శాఖలూనండీ."

"అలా కుదరదు. ఒక శాఖ బాధ్యత తీసుకుని వెళ్లకుండా ఉండాలి. మిగతావాళ్లు సహకరించాలి."

మంత్రిగారు మాత్రం అసలు సంగతి పట్టేశారు. అందుకే ఆయన మంత్రి, నేను మెకానిక్కు.

"ఏమీ చెయ్యకపోవడానికి ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ శంకుస్థాపన చెయ్యలేదు. మనం చేద్దాం," అన్నారు.

గడ్డిని కాపాడే పథకం కాబట్టి శిలాఫలకం కూడా నీటి అడుగున, గడ్డి మధ్యలోనే ఉండాలని నిర్ణయించారు. తీరా పెట్టాక ఆకులు ఊగి మంత్రిగారి పేరును కప్పేశాయి. అందుకని చుట్టూ వాలీబాల్ కోర్టంత మేర గడ్డి పీకించారు. పీకింది వృథా పోకుండా ఆయనకే బొకే కట్టి ఇచ్చారు. ఆయనకు ఈత రాదు. పడవలో కూర్చుని తాడు లాగితే అడుగున తెర తొలగింది. తొలగిందని గజ ఈతగాడు పైకొచ్చి చెప్పాక అందరం చప్పట్లు కొట్టాం. ఆ వేడుక చూడటానికి నలభై పడవలొచ్చాయి. నలభై లంగర్లూ గడ్డిలోనే దిగాయి.

తర్వాత గడ్డి చుట్టూ కంచెకు గుంతలు తవ్వారు. కంచెకు కాపలా పడవ, ఆ పడవ ఆగడానికి జెట్టీ, జెట్టీకి స్తంభాలు. గడ్డి మేడం పరుగున వచ్చారు.

"సార్, ఉన్న గడ్డి మొత్తం పోతోంది సార్."

"అడ్డొచ్చింది తీయకుండా ఎలా కాపాడమంటారమ్మా?" అన్నారు కార్యదర్శిగారు. ఆయన ఓపికకు నాకు ముచ్చటేసింది.

నా భార్య రోజూ పొద్దున్నే గుమ్మం నుంచి నీళ్లదాకా అడుగులు వేసి చూసేది.

"ఏవండీ, ఇవాళ నలభై."

"కొత్త పథకం కదా, కుదురుకోనీ."

"ఏవండీ, ఇవాళ పన్నెండు. షెడ్డు ఎటూ పోయింది. ఇల్లు కూడా పోయాక కుదురుకుంటుందా?"

చెప్పొద్దూ, భయమేసింది. మంత్రిగారి ఆఫీసుకు వెళ్లాను. అదృష్టం కొద్దీ అక్కడ మా పథకం మీదే సమీక్ష జరుగుతోంది.

"గత మూడు నెలల్లో గడ్డి జోలికి వెళ్లిన కేసు ఒక్కటి కూడా లేదు సార్," అని కార్యదర్శిగారు చదువుతున్నారు.

"అక్కడ గడ్డే లేదండీ," అన్నాను.

"అదే కదా నేను చెబుతున్నది," అన్నారాయన.

మంత్రిగారు లేచి అందరితో చేతులు కలిపారు, నాతో కూడా.

వారం తిరక్కుండా మిట్టమధ్యాహ్నం ఇంటి ముందు గోడ కూలింది. నేనూ నా భార్యా నడుంలోతు నీళ్లలో నిలబడి గిన్నెలు ఏరుకుంటుంటే ఒక అధికారి పడవలో వచ్చారు. గడ్డి సంరక్షణ ప్రాంతంలోకి మా ఇల్లు అక్రమంగా చొరబడిందనీ, వారం రోజుల్లో తొలగించాలనీ నోటీసు తెచ్చారు.

"ఇల్లు ఎక్కడికీ కదల్లేదండీ. సముద్రమే వచ్చింది."

ఆయన పాపం ఫైలంతా తిరగేశారు.

"సముద్రం వచ్చినట్టు రికార్డులో లేదండీ. వస్తే పథకం ఫెయిలైనట్టే కదా. కాబట్టి మీ ఇల్లే వెళ్లింది."

ఆయన చెప్పిన తీరుకు నేను కూడా ఒక్క క్షణం ఇంటివైపు అనుమానంగా చూశాను. సంతకం పెడతానన్నాను. సంతకం చాలదట. నోటీసు ఇంటి తలుపుకు అంటించి ఫోటో తియ్యాలట.

తలుపు అప్పటికే నాలుగు గజాల అవతల తేలుతోంది. నా భార్య ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చింది. చెరోపక్కా పట్టుకుని ఆయన ముందు నిలబెట్టాం. అంటించే ముందు ఇంట్లోవాళ్లను పిలవాలన్నది నిబంధన. అధికారి పడవలోంచి వంగి, మర్యాదగా రెండుసార్లు తలుపు తట్టారు.

"ఎవరూ?" అంది నా భార్య.