రాయికి నీడ

బోధన్ తాలూకాలో ఎక్కడా లేనంత ఘనమైన చర్చి తమ వాడలో లేవబోతున్నదని నిర్మాణ కమిటీ చైర్మన్ జయరాజ్ ఆదివారం ప్రార్థన ముగియగానే ప్రకటించాడు. ఆయన నిలబడి ప్రకటించింది బాలవ్వ బర్రె కొట్టంలో. ఏడాదిగా ప్రార్థన అక్కడే. ఏడాదిగా బర్రె బయటే.

పోయిన వానకాలం దాని దూడ తడిసి చచ్చిపోయింది. ఇప్పుడు బర్రె మళ్లీ చూడితో ఉంది. వానలకు ముందే చర్చి లేస్తే బర్రెను కొట్టంలోకి తోలుకోవచ్చని బాలవ్వ ఆశ. అందుకే చెరకు కొట్టిన కూలిలోంచి తన వంతుగా చర్చి కప్పుకు ఒక రేకు కొనిచ్చింది. వాడంతా కలిసి పన్నెండు రేకులు పోగు చేశారు.

కమిటీ విశ్రాంతి ఎరుగకుండా పనిచేసింది. నాలుగు నెలల్లో తొమ్మిది మీటింగులు పెట్టి, శంకుస్థాపన రాయి మీద పదకొండు మంది మెంబర్ల పేర్లు ఏ వరుసలో ఉండాలో తేల్చేసింది.

"గోడలెప్పుడు లేపుతరు బిడ్డా?" అని బాలవ్వ అడిగింది.

"రాయి లేకుంట గోడెట్ల లేస్తదవ్వా? ప్లానింగంటే గిదే," అన్నాడు జయరాజ్.

పంచాయతీ సమితి ప్రెసిడెంటు దేవన్న గారు జీపులో వచ్చి రాయి వేశారు. కొట్టంలోకి తొంగిచూసి చలించిపోయారు.

"ఏసు ప్రభువు పశువుల పాకల్నే పుట్టిండు. మీరు గూడ పాకల్నే మొక్కుతున్నరు. గింత భాగ్యం ఎవలకున్నది? తొందరపడకుండ్రి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి వానకు రాయి మీద దేవన్న గారి పేరు ఎర్రగా కారింది. ముందున్నవి ఎలక్షన్లు. కమిటీ అర్జంటుగా కూడి, నాలుగు గుంజలు పాతించి, పన్నెండు రేకులూ రాయికి కప్పించింది.

"మరి చర్చికి?" అన్నది బాలవ్వ.

"చర్చి ఇంక లేవనే లేదు గదనే అవ్వా. అదెట్ల తడుస్తది?" అన్నాడు జయరాజ్.

బాలవ్వ పోయి తడుస్తున్న బర్రె మీద గోనెసంచి కప్పింది.

సంగతి విని దేవన్న గారు మురిసిపోయి, ఆ షెడ్డును స్వయంగా ప్రారంభిస్తానని కబురు పంపారు. ప్రారంభానికి ఇంకో రాయి కావాలి. షెడ్డు సబ్‌కమిటీ పేర్లు కూడా చేరడంతో ఇది మొదటిదాని కన్నా పెద్దదైంది. శనివారం వానలో బండి మీద వచ్చింది, అక్షరాల రంగు పచ్చిగానే ఉంది. ప్రారంభం కాని షెడ్డులో పెట్టడం పద్ధతి కాదు కాబట్టి, బాలవ్వ కొట్టంలో గడ్డి పరిచి పడుకోబెట్టి తలుపు వేశారు.

ఆదివారం ప్రార్థన వానలో జరిగింది. పాస్టరు సీమోను అయ్యగారు బైబిలును చొక్కా లోపల దాచుకుని, నోటికి వచ్చిన వాక్యాలే చెప్పారు. ఆమెన్ అనేలోపే బర్రె బురదలో కూలబడి మూలిగింది. బాలవ్వ కొట్టం దగ్గరికి ఉరికింది. తలుపు ముందు జయరాజ్ గొడుగు పట్టుకుని కాపలా ఉన్నాడు.

"బర్రె ఈనుతున్నది బిడ్డా. జర తలుపు తియ్యి."

జయరాజ్ తలుపు కొంచెం తెరిచి, లోపలికి వంగి, రాయిని వేలితో ముట్టి చూశాడు. వేలికి ఎర్రగా అంటింది.

"ఇంక ఆరలేదవ్వా," అన్నాడు.