సిల్వర్ పేపర్ చుట్టిన చెయ్యి

డానియేలు ఆ పొద్దున నోరు మూసుకుని చాయ్ తాగి పోయి ఉంటే వైకుంఠం బతుకు ఇలా తెల్లారేది కాదు.

వైకుంఠం ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి దలాల్. ఐదో తరగతిలోనే బడి మానేసి, ముప్పై ఏళ్లుగా, ధర నలుగురికీ వినపడకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టించి జనానికి బేరాలు కుదిర్చినవాడు. ఆ రోజు బేరం మాత్రం అతనిదే. చాంద్రాయణగుట్టలో ఉన్న నూట యాభై గజాల జాగాలో ముప్పై గజాల ముక్క మిర్చి వ్యాపారి ప్రహ్లాద్ సేట్‌కు అమ్మి, సొంత దుకాణం పెట్టాలని. పదిహేను లక్షలని మాట ముందే అయింది. ఎన్ని గజాలన్నదే తేలాలి. వేలుకు ముప్పై గజాల లెక్క.

పక్కింటి డానియేలు కంచన్‌బాగ్‌లో ఓ ల్యాబ్‌లో చాయ్‌లు అందిస్తాడు.

"అన్నా, కొత్త సిలికాన్ చిప్ వచ్చింది. ఆవగింజంత! సెకనుకు లక్ష కోట్ల సార్లు ఊగే తరంగాలు వదుల్తదట. అట్టపెట్టె, గోనెసంచి, బట్ట... అన్నిట్లకెల్లి అవతలిది కనబడ్తది. రేపురేపు ఫోన్లల్ల గూడ పెడ్తరంట."

వైకుంఠం చేతిలో గ్లాసు ఆగిపోయింది. "బట్టలకెల్లి గూడనా? మరి నా తువ్వాల?"

"తువ్వాల ఏంది, నీ లుంగీ గూడ ఆపది. ఒక్క లోహమే ఆపుతదంట."

సేట్ దుకాణంలో అడుగుపెట్టి గడప దగ్గరే ఆగాడు. ఇంజినీరింగ్ చదివే సేట్ కూతురు అనూహ్య, నల్లటి డబ్బా ఒకటి స్టాండుకు బిగిస్తోంది.

"ఏందమ్మా అది?"

"కొత్త చిప్ అంకుల్. మిర్చి బస్తా కుట్టు విప్పకుండనే లోపలి తడి చూపిస్తది."

డబ్బా సరిగ్గా బేరానికి కూర్చునే పరుపు వైపే ఉంది. చుట్టూ నలుగురు దలాల్‌లు. తన వేళ్ల లెక్క వాళ్లకు కనబడకూడదని వైకుంఠం మూలకు పోయి, టిఫిన్ విప్పి, పెళ్లాం విమలాదేవి రొట్టెలకు చుట్టిన సిల్వర్ పేపర్ ఊడదీసి చేతికి మణికట్టు దాకా చుట్టుకున్నాడు.

ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పారు. లోపల నాలుగు వేళ్లు ముడిచి ఒక్కటే చాపాడు. మడతల మీద మడతలుగా ఉబ్బిన ఆ చేతిని ప్రహ్లాద్ ఒత్తి చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. మళ్లీ ఒత్తాడు.

"మంచిగ ఆలోచించే ఇస్తున్నవా వైకుంఠం?"

"నా మాట ఎప్పుడన్న మారిందా సేట్? పక్కా!"

తువ్వాలు తీశారు.

"ఐదు వేళ్లు. నూట యాభై గజాలు, పదిహేను లక్షలు!" అన్నాడు ప్రహ్లాద్ అందరికీ వినపడేలా.

వైకుంఠం ఎగిరి లేచాడు. "ఐదేంది? నేను చాపింది ఒక్కటే!"

"చెయ్యి మొత్తం నా చేతుల పెడ్తివి గద భాయ్!"

దలాల్ బాబురావు గొంతు సవరించుకున్నాడు. "పోయినేడు నా బస్తాలు తక్కువకు పోయినయని నేను ఏడుస్తుంటే ఏమన్నవన్నా? తువ్వాల తీసినంక మాట మారదన్నవ్. మరి ఇయ్యాల గీ లొల్లి ఏంది?"

ఒక్కసారి మాట తప్పితే రేపటి నుంచి ఆ బజార్లో ఎవడూ తన తువ్వాలు కింద చెయ్యి పెట్టడు. వైకుంఠం అనూహ్య వైపు పరుగెత్తాడు.

"అమ్మా, నీ డబ్బా మా దిక్కే చూస్తుండె గద! నా వేళ్లెన్నో నువ్వన్న చెప్పు!"

ఆమె డబ్బాకు తగిలించిన ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. తువ్వాలు ఎగిరిపోయినట్టే ఉంది. ప్రహ్లాద్ వేళ్లు ఐదూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటి మధ్యలో ఒక తెల్లటి ముద్ద.

"ఉత్త తువ్వాలైతే చెప్పేదాన్ని అంకుల్. సిల్వర్ పేపర్ లోపలికి పోదు."

డానియేలు అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. నాలుగు రొట్టెలు ఎండిపోయాయి, నూట ఇరవై గజాలు ఊరికే పోయాయి.