సర్కారువారి మట్టిమనిషి

సృష్టిలో మనిషి స్థానం ఎంత అనే ప్రశ్న మీద ఋషులు యుగాల తరబడి తపస్సు చేసి, చివరికి తేల్చకుండానే లేచిపోయారు. కంపెనీవారి కాలంలో కోయంబత్తూరు సీమలోని ఒక కచేరీ మాత్రం దానిని తమిళుల ఆషాఢమైన ఒకే ఒక్క ఆడి మాసంలో, మధ్యాహ్నపు కునుకు కూడా మానకుండా తేల్చివేసింది. (ఋషులకు గుమాస్తాలు లేకపోవడం పెద్ద లోపం.)

తిరుప్పూరు దారిలో, ముత్తాతల నాడు తుంగభద్ర దాటి వచ్చిన తెలుగువాళ్ళ ఊరొకటి ఉంది. వాళ్ళకొక అలవాటు. ఆడిలో సజ్జ విత్తే ముందు ఊరి బయట నల్లమట్టితో బొమ్మలు చేస్తారు. దూడంత చీమ, గంపంత కప్ప, వాటి కాళ్ళ దగ్గర బొటనవేలంత మనిషి. మొదటి మంచి వానకు మనిషి కరిగిపోతాడు. మనిషి కరిగితే నేల తడిసినట్టే, మర్నాడే విత్తుతారు. వాడు మొండికేస్తే ఒక చెంబు నీళ్ళు పోసి సాయం చేయడం కూడా ఆచారంలో భాగమే. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు.

ఆ ఏడు పంటల తనిఖీకి సిరస్తాదారు ధర్మలింగం పిళ్ళై వచ్చారు. (సిరస్తాదారు అంటే దొర సంతకం పెట్టే ముందుండే అసలు దొర.) ఆయన చీమ ముందు పల్లకి ఆపించి, బొమ్మలు చేసే ముసలమ్మ రక్కమ్మాళ్‌ను పిలిపించారు.

"ఇదేమిటి?"

"చీమ, సామీ."

"దాని కాలి కింద?"

"మనం, సామీ."

"మనం అంటే? కంపెనీ ఉద్యోగస్తులు కూడానా?"

రక్కమ్మాళ్ కాస్త ఆలోచించింది. "అంత చిన్నదానిలో ఎవురెవురు ఉండారో తెలవదు సామీ."

ఆ సాయంత్రమే ఉత్తరువు వచ్చింది. మనుష్యుడు కంపెనీవారి రక్షణలో ఉన్న ప్రాణి గనుక, చీమ తలెత్తి చూడవలసినంత ఎత్తు ఉండాలి. ప్రజల ఆచారాలను కాపాడడం కంపెనీవారి ఆచారం గనుక, సదరు మనుష్యుడు వానకు కరిగేదాకా ఊళ్ళో ఎవరూ విత్తరాదు.

ఊరిపెద్ద ఆండియప్ప నాయకర్ మర్యాదకు ప్రాణం పెట్టే మనిషి. అధికారి చేయించిన బొమ్మ మొదటి వానకే బురదైపోతే ఆయన మొహం ఏమవుతుందని బెంగపెట్టుకున్నాడు. రెండు వానలు నిలిచాక మొండికేస్తే చెంబు నీళ్ళు ఎటూ ఉన్నాయి కదా అన్నది అతని ధైర్యం.

"అత్తా, మన్నులో కొంచం సున్నం, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలుపు" అన్నాడు.

"అవి మేడ కట్టేదానికి కదప్పా. కరిగేదానికా?"

"పెద్దమనిషి చెప్పిన బొమ్మ. నీళ్ళై పోతే మనకే కదా అవమానం?"

రక్కమ్మాళ్‌కూ లోపల ఆశ లేకపోలేదు. జన్మంతా కరిగిపోయే బొమ్మలే చేసిన చేయి, ఒక్కటైనా నిలవాలని ఉండదా? రెండాళ్ళ ఎత్తు మనిషిని లేపి, తలపాగా కూడా చుట్టింది. నిజంగా బాగా కుదిరాడు, పాపిష్టివాడు.

వానలు దంచి కొట్టాయి. చీమ కరిగింది, కప్ప కరిగింది. మనిషి తలంటుకున్న పెళ్ళికొడుకులా మెరుస్తూ నిలబడ్డాడు. విత్తనాల గంపలు ఇళ్ళల్లోంచి కదల్లేదు. పదును ఆరితే సజ్జ లేదు, సజ్జ లేకపోతే కూడు లేదు. ఇది కచేరీకి తప్ప అందరికీ తెలుసు.

రక్కమ్మాళ్ కడవతో బయల్దేరింది. బొమ్మకు కాపలా పెట్టిన బంట్రోతు మాయాండి అడ్డం వచ్చాడు.

"వానకే కరగల్లని రాసుండాది అవ్వా. ఇవి వాన నీళ్ళా?"

"బావి నీళ్ళు. పోయినేటి వానే కదప్పా బావిలో ఉండేది?"

మాయాండికి ఆ మాట నచ్చింది. నచ్చడం అతని ఉద్యోగంలో లేదు. కనుక బావినీరు వాననీరు అవునా కాదా అనే వ్యవహారం కచేరీకి వెళ్ళింది, కచేరీ నుంచి దొరవారికి వెళ్ళింది.

ఈలోగా బెల్లం వాసనకు చీమలు వచ్చాయి. అసలు చీమలు. మనిషి కాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టాయి. ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. రక్కమ్మాళ్ రోజూ వెళ్ళి, "బిరబిరా తినండమ్మా, పొద్దు పోతా ఉండాది" అని బతిమాలింది. సర్కారు ఆస్తిని చీమలు తింటున్నాయని తెలిసి, పసుపు చల్లవలసిందిగా కచేరీ ఆజ్ఞాపించింది. (పసుపు ఊరివాళ్ళదే.) మాయాండి చల్లాడు. చీమలు మనిషిని వదిలి విత్తనాల గంపల దారి పట్టాయి.

ఆండియప్ప కచేరీకి పరుగెత్తాడు. తన మర్యాదే ఊరి కొంప తీసిందని దారి పొడుగునా తన్ను తాను తిట్టుకున్నాడు.

"ఇత్తుకోనియండి సామీ. ఇంట్లో పిలకాయలు ఉండారు."

"మీ ఆచారాన్ని మీరే కాలదన్నుకుంటారా నాయకరే?" అని సిరస్తాదారు ఎంతో బాధపడ్డారు. "మేముండగా జరగనిస్తామా?"

తర్వాతి వానలు మొహం చాటేశాయి. ఏడు నెలలు గడిచి, మాఘం వెనకే వచ్చే మాసి నెలలో, నేల నెర్రెలు విచ్చాక, దొరవారి అనుమతి వచ్చింది. బావినీరు వాననీరే, మనిషిని నిరభ్యంతరంగా కరిగించుకోవచ్చు. అప్పటికి బావిలో నీళ్ళు తాగడానికే చాలడం లేదు.

సిరస్తాదారు తన నివేదికలో, సృష్టిలో మనుష్యుని స్థానం సుస్థిరమని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఏడు ఆ ఊళ్ళో ఆకలి తెలియనిది ఆ మనిషికీ, చీమలకూ మాత్రమే.