బండి పెట్టెలో నాన్నగారి పళ్ళు

ఒక నాగరికత ఎంత ఎదిగిందో తెలుసుకోవడానికి ఆకాశాన్నంటే భవనాలు చూడనక్కర్లేదు. మోటారుసైకిలు పక్కన వేలాడే జానెడు పెట్టెకి తాళం తీయించాలంటే ఎంతమంది సంతకాలు పెట్టాలో లెక్కపెడితే చాలు. మా బండి తయారుచేసిన కంపెనీ లెక్క ప్రకారం పదకొండు మంది పెట్టాలి. దీన్నిబట్టి మనం చాలా దూరం వచ్చేశామని, వెనక్కి వెళ్ళాలన్నా ఇప్పుడు టోకెను తీసుకోవాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. మా నాన్నగారి కట్టుడు పళ్ళలో సన్నటి పగులు కనిపిస్తే పళ్ళ డాక్టరుకి ఇచ్చి బాగుచేయించాను. సాయంత్రం వాటిని చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని బండి పెట్టెలో పెట్టి, తాళం వేసుకుని ఇంటికి వచ్చాను. గుమ్మం ముందు బండి ఆపి పెట్టె తాళంచెవి తిప్పాను. చెవి తిరిగింది, తాళం తిరగలేదు. సగం చెవి నా వేళ్ళ మధ్య మిగిలింది, సగం తాళంలో ఉండిపోయింది.

రెండో తాళంచెవి ఉంటుంది కదా అని మీరు అడుగుతారు. ఉంది. ఎక్కడైనా పెడితే పోతుందని ఆ పెట్టెలోనే పెట్టాను. (ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు పైనుంచి కిందికి చూసి లోపలికి వెళ్ళిపోయింది.)

ఇక్కడ నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన ఒక పెద్ద కార్యాలయంలో రికార్డుల విభాగం సూపరింటెండెంటుగా ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అమ్మకి చూపు మందగించి ఆరేళ్ళయింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కాఫీ తాగాక ఆయన పేపరు చదువుతారు, ఆమె వింటుంది. ముఖ్య వార్తలొక్కటే కాదు, టెండరు ప్రకటనలు, తప్పిపోయినవాళ్ళ ఆనవాళ్ళు, రేపటి వాన, అన్నీ చదవాలి. టెండర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతుకి ప్రత్యేకమైన నిండుదనం వస్తుంది.

కాని పళ్ళు లేకుండా ఆయన నోరు విప్పరు. మాట జారుతుందని, నలుగురిలో చులకనైపోతామని ఆయన భయం. ఇంట్లో ఉండేది మేం నలుగురమే, అందులో ఒకరు ఆయన. అయినా విప్పరు.

మా సందు మొదట్లో గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. పిలవగానే వచ్చి, వంగి తాళం కంతలోకి చూసి, సంచిలోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీశాడు.

"రెండు నిమిషాల పని సార్," అన్నాడు.

నాన్నగారు చెయ్యెత్తి ఆపారు. పెట్టె మూత మీద అంటించిన స్టిక్కరు వేలితో చూపించారు. అనధికార వ్యక్తులు తెరిచినచో లోపలి వస్తువులకు కంపెనీ బాధ్యత వహించదని అందులో చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కరే అయ్యుంటారు. తర్వాత జేబులోంచి చీటీ తీసి రాశారు: 'సరైన మార్గంలో రావలెను.' కింద తేదీ, పొట్టి సంతకం. ముప్పై ఆరేళ్ళ పాటు కిటికీ అవతల నిలబడ్డవాళ్ళందరికీ ఆయన చెప్పిన వాక్యం అదే. తాళాలాయన ఆ చీటీ చదివి, స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని, మీ ఇష్టం సార్ అని వెళ్ళిపోయాడు.

మర్నాడు కంపెనీ యాప్ తెరిచాను. నా సౌకర్యమే దాని ఊపిరి అని చెప్పి, సమస్య ఏమిటని అడిగి, ఎంచుకోవడానికి నాలుగు జవాబులిచ్చింది: తాళం పోయింది, పెట్టె పోయింది, బండి పోయింది, అంతా బాగుంది. పెట్టె తెరుచుకోవడం లేదన్న జవాబు అందులో లేదు. ఉన్నవాటిలో దగ్గరి చుట్టం కదా అని 'తాళం పోయింది' నొక్కాను. అది సానుభూతి తెలిపి, పెట్టె లోపలి ఫోటో జతచేయమంది. నాకు దిక్కు తోచక నాన్నగారిని అడిగాను. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా చీటీ రాసిచ్చారు: 'లోపలి ఫోటో లోపల ఉన్నందున జతపరచలేకపోతున్నాము.' అదే టైపు చేశాను. యాప్ ఏ పేచీ లేకుండా ఒప్పుకుంది.

తొమ్మిదో రోజున సర్వీసు సెంటరుకి రమ్మన్నారు. స్వీకరణ అధికారి నా చేతిలోని సగం చెవిని కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసి, రెండో సగం ఏదన్నాడు. తాళంలో ఉందన్నాను. విరిగిన చెవి తాలూకు అన్ని ముక్కలూ దరఖాస్తుకి జతపరచాలని నిబంధన ఉందట. తాళంలోంచి ముక్క రావాలంటే తాళం తీయాలి, తాళం తీయాలంటే దరఖాస్తు కదలాలి. ఆయన చెడ్డవాడు కాదు. పై అధికారితో మాట్లాడి మధ్యేమార్గం కనిపెట్టాడు. ముక్క ఉన్న తాళాన్ని, తాళం ఉన్న పెట్టెని, పెట్టె ఉన్న బండిని కలిపి ఒకే జతపత్రంగా స్వీకరించాడు. హ్యాండిల్‌కి రంధ్రం లేదు కాబట్టి అద్దం కాడకి ఫైలు తాడు కట్టి, నంబరు వేసి, బండిని 'జతపరచిన పత్రాల' షెడ్డులోకి తోయించాడు. అక్కడ అప్పటికే నూట నలభై బండ్లు అకారాది క్రమంలో నిలబడి ఉన్నాయి.

ఆ రసీదు తెచ్చి చూపిస్తే నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, 'సక్రమంగా ఉంది' అని రాశారు. నాకు గుర్తున్నంతవరకు నా పనుల్లో దేనికీ ఆయన అంత మంచి మాట రాయలేదు.

తర్వాత కారణ నిర్ధారణాధికారి పిలిచాడు. చెవి తనంతట తాను విరిగిందా, నేను విరిచానా అన్నది తేల్చడం ఆయన పని. విరిగిన సమయంలో నేను ఏ దిక్కుకి తిరిగి ఉన్నాను, మనసులో ఏముంది అని అడిగి రాసుకున్నాడు. (మనసులో నాన్నగారి రాత్రి భోజనం ఉంది. 'ఇతరములు' అని రాసుకున్నాడు.) పెట్టెలోని వస్తువుల జాబితా ఇమ్మన్నాడు. ఇచ్చాను: కట్టుడు పళ్ళు ఒక జత, రెండో తాళంచెవి ఒకటి, బండి తుడిచే గుడ్డ ఒకటి. గుడ్డ ఏ రంగుదని అడిగాడు. నాకు గుర్తు లేదు. ఆ ఒక్క గడి ఖాళీగా ఉన్నందుకు ఫైలు పదమూడు రోజులు ఆగింది. చివరికి మా ఆవిడ, అది తన పాత దిండు గలీబు ముక్కేనని, రంగు పసుపని ధ్రువీకరణ ఇచ్చాక కదిలింది.

ఈలోగా ఇంట్లో పేపరు నేను చదువుతున్నాను. అమ్మ రెండు రోజులు ఓపిగ్గా విని మూడో రోజున, "నువ్వు చదివితే అన్నీ ఎవరికో జరిగినట్టున్నాయిరా," అంది. నాన్నగారు పక్క కుర్చీలో జావ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నారు. టెండరు ప్రకటనలో నేనొక అంకె తప్పు చదివినప్పుడు ఆయన పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

ఆయన చీటీలు కూడా చిక్కిపోతూ వచ్చాయి. మొదట్లో తేదీ, విషయం, సూచిక, సంతకం అన్నీ ఉండేవి. మూడు వారాలయ్యేసరికి సంతకం ఎగిరిపోయింది. ఒక పూట 'మళ్ళీ జావేనా?' అని మాత్రం ఉంది. ముప్పై ఒకటో రోజున నా చేతిలో పెట్టిన చీటీ ఇది: 'తాళాలాయనని పిలువు.'

అది చదివి నాకు చాలా బాధేసింది. ఆ వాక్యం రాయడానికి ఆయన ఎంత దూరం నడిచి వచ్చారో నాకు తెలుసు. కాని బండి ఇప్పుడు బండి కాదు, జతపత్రం. దాన్ని బయటికి తీసుకురావాలంటే దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. దానికి వేరే దరఖాస్తు ఉంది, పదమూడు సంతకాలు కావాలి. ఆ సంగతి చెప్పాను. ఆయన తలూపి, ఆ చీటీ నా దగ్గర్నుంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

కంపెనీ ఫిర్యాదుల నంబరుకి ఫోను చేశాను. బండి ఎవరి పేరున ఉందో వాళ్ళే స్వయంగా నోటితో చెప్పాలని, రాసిస్తే తీసుకోబోమని అవతలి అమ్మాయి మర్యాదగా చెప్పింది. రిటైరైన ఏడాది నాన్నగారు తన పేరుతో కొన్న బండి అది. ఫోను ఆయనకి అందించాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని, పెదాలు బిగించి, గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ అమ్మాయి చెప్పండి సార్ అని మూడుసార్లు అడిగింది. ఆపైన ఫిర్యాదేమీ లేదని నమోదు చేసుకుని, విలువైన సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు చెప్పింది.

నలభై ఆరో రోజున యజమాని స్వయంగా హాజరు కావాలన్నారు. నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ముఖ సరిపోలిక విభాగంలో ఒక కెమెరా ముందు కూర్చోబెట్టారు. బండి కొన్నప్పుడు తీసిన ఫోటోతో అది ఆయన్ని పోల్చి చూసి, తెర మీద ఇలా రాసింది: 'సరిపోలలేదు. మీరు మీరేనని నిర్ధారించుకుని మళ్ళీ ప్రయత్నించండి.'

మళ్ళీ ప్రయత్నించాం. మూడుసార్లయ్యాక అక్కడి అధికారి తెరని మా వైపు తిప్పాడు.

"ఈ ఫోటోలో ఉన్న పెద్దాయనకి బుగ్గలున్నాయండీ. ఆయన్ని తీసుకురండి," అన్నాడు.

"ఆయనే ఈయన. బుగ్గలు మీ షెడ్డులో ఉన్న పెట్టెలో ఉన్నాయి," అన్నాను.

"అయితే అవి పెట్టుకుని రండి."

అవి పెట్టుకోవడానికే వచ్చామని చెప్పాను. అందులో తనకి తప్పేమీ కనిపించడం లేదని, అవి పెట్టుకుని వస్తే వెంటనే ఇచ్చేస్తానని ఆయన అన్నాడు. పక్క సీట్లో ఉన్నావిడ పెద్ద అనుభవజ్ఞురాలిలా ఉంది. మా వైపు చూడకుండానే సొరుగు లాగి దూది కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఇలాంటివాళ్ళు రోజుకి ఇద్దరు ముగ్గురు వస్తుంటారని, ఒక్కో బుగ్గకి రెండు ఉండలు సరిపోతాయని చెప్పింది.

ముప్పై ఆరేళ్ళు సూపరింటెండెంటుగా పనిచేసిన మనిషి ఆ హాల్లో అందరి ముందూ రెండు బుగ్గల్లో దూది కుక్కుకుని కెమెరా వైపు చూశారు. నేను పైకి ఫ్యాను వైపు చూశాను. నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది, అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. యంత్రం ఆకుపచ్చ దీపం వెలిగించి, ఆయన ఆయనేనని ఒప్పుకుంది.

ఆవిడ ఒక నమూనా తాళంచెవి ఆయన చేతికిచ్చి, కొంచెం నవ్వండి సార్ అని ఇంకో ఫోటో తీసుకుంది. దూది బయటపడకుండా ఆయన పెదాలు మూసి నవ్వారు. తర్వాత నాలుగు పేజీల ఒప్పందం మీద సంతకం పెట్టమంది. జీవితంలో మొదటిసారి ఆయన ఒక కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టారు.

యాభై మూడో రోజున పదకొండో సంతకం పడింది. షెడ్డులో బండి దగ్గర మమ్మల్ని నిలబెట్టి, అధికృత తాళ నిపుణుడు వస్తున్నాడని చెప్పారు. కంపెనీ టోపీ పెట్టుకుని వచ్చాడు. టోపీ కింద మా సందు మొదట్లోని తాళాలాయన ఉన్నాడు. మమ్మల్ని చూసి ఇబ్బందిగా తల దించుకున్నాడు.

"వారానికి రెండు రోజులు ఇక్కడే సార్," అన్నాడు నెమ్మదిగా.

అదే స్క్రూడ్రైవరు తీశాడు. వాచీ చూశాను, రెండు నిమిషాలు పట్టలేదు. పళ్ళు క్షేమంగా ఉన్నాయి. పక్కనే రెండో తాళంచెవి కూడా క్షేమంగా ఉంది. గుడ్డ పసుపుదే.

మర్నాడు అమ్మ ఆయనకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది. నాన్నగారు గడ్డం గీసుకుని, పళ్ళు పెట్టుకుని, పేపరు విప్పి, గొంతు సవరించుకున్నారు. మొదటి మాట బాగా వచ్చింది. రెండో మాటకి పై వరస ఊడి ఒళ్ళో పడింది. తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ పడింది. నేను డాక్టరుకి ఫోను చేశాను. అన్ని రోజులు పెట్టుకోకపోతే చిగుళ్ళు కుంచించుకుపోతాయని, ఇవి ఇక పట్టవని, కొత్తవి చేయాలని, పేరు రాసుకుంటే కొలతలకి రెండు నెలల్లో పిలుస్తానని ఆయన చెప్పాడు.

నాన్నగారు పళ్ళని గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, మూత వేసి నాకిచ్చారు.

"మీరు చదవరా?" అంది అమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపారు. అది ఆమెకి కనిపించదు. పేపరు నేనే తీసుకున్నాను.

తర్వాతి ఆదివారం పేపరు విప్పితే మడతలోంచి ఒక కరపత్రం జారి నేల మీద పడింది. ఆ చప్పుడుకి అమ్మ ఏమిటది అని అడిగింది. ఏదో ప్రకటన అన్నాను.

"అది కూడా చదువు. మీ నాన్న అవీ వదిలేవారు కాదు," అంది.

నాన్నగారు పక్క కుర్చీలో జావ తాగుతున్నారు. కరపత్రం మీద కూడా నాన్నగారే ఉన్నారు. బుగ్గలు నిండుగా ఉన్నాయి, పెదాలు మూసి నవ్వుతున్నారు, చేతిలో తాళంచెవి ఉంది. కింద పెద్ద అక్షరాలతో ఉన్నది అమ్మ కోసం గట్టిగా చదివాను.

"యాభై మూడు రోజులు, పదకొండు సంతకాలు. ఈ పెద్దమనిషి నోటి నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు."