తిరుగుడు గూటి పుణ్యవతి

ఆ ఉదయం సిస్టర్ లియోకాదియా గట్టిగా ఒకటే అనుకుంది: బాదం బిళ్ల ఒకటి తింటే చాలు, రెండోది ముట్టకూడదు. జమోరా మఠంలో కన్యాస్త్రీలు బయటివాళ్ల ముఖం చూడరాదు. గోడలో తిరిగే చెక్క గూట్లో ఊరివాళ్లు కానుకలు పెట్టి తిప్పితే, లోపల కూర్చుని అందుకోవడం ఆమె పని. అందుకున్నవి వంటింటికి చేరాలి. చేరాయో లేదో అడిగేవారు లేరు.

ఆ రోజు ఆరు బిళ్లలు తింది. మధ్యాహ్నం శనగల పులుసు గిన్నెను పక్కకు నెట్టేసింది. నలభై రోజుల ఉపవాసాలు నడుస్తున్నాయి. మూడో రోజూ నెట్టేసేసరికి, ఈమె పూజలో ఇచ్చే సత్ప్రసాదం ఒక్కటే తిని బతుకుతోందని మఠమంతా కోడై కూసింది. కాదని చెప్పాలంటే బిళ్లల సంగతి చెప్పాలి. నోరు మూసుకుంది.

వార్త ఊళ్లోకి పాకింది. తమ కోసం ప్రార్థించమంటూ జనం గూటినిండా తేనె అప్పాలు, ఎండు అంజూరాలు పెట్టసాగారు. కీర్తి పెరిగిన కొద్దీ తిండి పెరిగింది, తిండి పెరిగిన కొద్దీ బల్ల దగ్గర ఆకలి తగ్గింది. మఠానికి మంచి రోజులొచ్చాయని పెద్దమ్మగారు మదర్ సాంచా పొంగిపోయింది.

అంతలో మత విచారణ సభ నుంచి ఫాదర్ ఓర్దోన్యో దిగాడు. దొంగ పుణ్యవతులను కొరడాలతో కొట్టించి, చీకటి కొట్లో పెట్టించిన మనిషి. లియోకాదియాను గదిలో పెట్టి తాళం వేయించాడు. నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దన్నాడు. మొదటి రోజే ఆమె కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. రెండో రోజుకి కొరడా కన్నా ఆకలే ఎక్కువ భయపెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం, తాను భోజనానికి కూర్చున్న చోటికే ఆయన ఆమెను పిలిపించాడు.

ఆమె మోకరిల్లింది. "నేను తింటున్నాను ఫాదర్. గూట్లోకి వచ్చిందంతా నేనే తిన్నాను."

పక్కనే ఉన్న మదర్ సాంచా కళ్లొత్తుకుంది. "ఎంత అణకువో చూశారా ఫాదర్. పొగిడితే పడక తన మీద తనే నింద వేసుకుంటోంది."

ఓర్దోన్యో తన పళ్లెం పక్కకు జరిపాడు. "దొంగదైతే తనంతట తాను ఒప్పుకోదు. ఈవిడ నిజమైన పుణ్యవతే. ఇక మీదట ఈవిడను ఆ గదిలోనే ప్రార్థన చేసుకోనివ్వండి, ముందు తిండి పెట్టి అవమానించకండి."

లియోకాదియాకి కొరడా తప్పింది, ఆకలి చావు ఖాయమైంది. ఒక్క ఉదుటున లేచి ఆయన పళ్లెంలోని వేయించిన చేప మీద పడింది. ముల్లు కూడా వదల్లేదు. రొట్టెముక్కతో పళ్లెం తుడిచి మరీ తింది.

ఓర్దోన్యో ఖాళీ పళ్లెం వంక చూసి నిట్టూర్చాడు.

"నిజమే చెప్పింది, మనమే వినలేదు. అందుకని కొరడా వద్దు. గూటి పని మాన్పించండి. చచ్చేదాకా వంటింట్లో ఉండి అంట్లు తోమాలి."

శిక్షను లియోకాదియా తలవంచి స్వీకరించింది. అడుగున ఇంతో అంతో మిగిలిన గిన్నెలన్నీ ఇక ఆమె చేతి మీదుగానే వెళ్లాలి.

మర్నాటి నుంచి గూటి దగ్గర మదర్ సాంచాయే కూర్చుంది. వారం తిరక్కుండానే భోజనాల బల్ల దగ్గర ఆవిడకీ ఆకలి మందగించింది.