చెవికి కరెంటు, నోటికి గమ్

సిగరెట్ మానలేని ప్రతి మగవాడి చెవికీ కరెంటు పెట్టించాలని ప్రభుత్వానికి నా మనవి! నవ్వకండి. నేను పెట్టించుకున్నాను. ఇంతటి సుఖం పెళ్లయ్యాక ఎరగను.

ఏలూరు డాక్టరుగారు తగిలించిన క్లిప్పు చెవి దగ్గర నరానికి సన్నగా కరెంటు పంపిస్తుంది. దాని వైరు ఓ చిన్న మిషన్‌కి ఉంటుంది, అందులో నంబరు పెంచితే కరెంటు పెరుగుతుంది. నోట్లో నికోటిన్ గమ్. విడివిడిగా లొంగని మొండిఘటం రెండూ కలిపితే లొంగుతాడేమో చూద్దామన్నారాయన. లొంగకపోతే మనవరాలు హర్షిణి మా గుమ్మం తొక్కదు. దానికి ఆయాసం. నా చొక్కా వాసనకే దగ్గు అందుకుంటోందని మా అమ్మాయి దాన్ని తాడేపల్లిగూడెం తీసుకురావడమే మానేసింది.

సరే, సుఖం సంగతి చెబుతాను. చెవికి వైరు చూసి గూడెం యావత్తూ నాకు చెవుడొచ్చిందనుకుంది. మావాళ్లు మర్యాదస్తులు కదా, అదేమిటండీ అని ఒక్కరూ అడగరు. గొంతు పెంచి పలకరించి, జాలిగా చూసి వెళ్లిపోతారు. నా బియ్యం కొట్లో బేరమాడేవాళ్లు అరిచి అరిచి అలసిపోయి, చెప్పిన ధరకే పట్టుకెళుతున్నారు. చందాలవాళ్లు కాసేపు సైగలు చేసి సెలవు తీసుకుంటున్నారు. కొల్లేరు చేపల చెరువుల కష్టాలన్నీ ఏకరువు పెట్టే మా ప్రసాదరావు బావ ఈ మధ్య రావడమే లేదు. పైగా నోట్లో గమ్ ఉంది కనుక జవాబులు చెప్పే పని కూడా తప్పింది. వినడు, మాట్లాడడు! ఇంతకన్నా ఆదర్శ గృహస్థు ఎక్కడ దొరుకుతాడు?

మొన్న సాయంత్రం అరుగు మీద క్లిప్పుతో కూర్చున్నాను. జేబులో ఒక సిగరెట్ కూడా ఉంది. క్లిప్పు తీయగానే వైద్యానికి కాస్త విరామం ఇద్దామని నా ఉద్దేశం. మా ఆవిడ నాగరత్నం కోసం వచ్చిన కామాక్షిగారూ సరోజగారూ నా పక్కనే నిలబడ్డారు.

"నెమ్మదిగా అనండి, ఆయన వింటారు" అన్నారు సరోజగారు.

"వినపడదులెండి, పాపం. తాతయ్య మానేశారా అని మనవరాలు రోజూ ఫోన్లో అడుగుతోందటండీ. అవునంటే అబద్ధం, కాదంటే ఏడుపు. ఏం చెప్పాలో తెలియక నాగరత్నంగారు ఫోను మోగుతున్నా తీయడం లేదట" అన్నారు కామాక్షిగారు.

ఇద్దరూ నా వంక చూసి నవ్వారు. నేనూ చెవిటివాడిలాగే నవ్వాను. సిగరెట్ జేబులోనే నలిపేసి, మిషన్ మీద ఆఖరి నంబరు దాకా తిప్పాను. చెవి చురుక్కుమంది, అంతే.

డాక్టరుగారికి నా ఫిర్యాదు ఒక్కటే. ఆ మిషన్లో అంతకంటే పెద్ద నంబరు లేదు.