గుంటూరులో ఫోను, పాపకూరలో తలుపు

శనివారం ఉదయం కృష్ణవేణి వేసుకున్న ప్రణాళిక మూడు మాటల్లో ఇమిడిపోతుంది: వెళ్లాలి, అడుగుపెట్టాలి, పాలు పొంగించాలి. వెళ్లవలసింది ఆక్లాండ్ శివార్లలోని పాపకూరలో కొత్తగా కట్టిన తమ సొంత ఇంటికి. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలు. న్యూజిలాండ్ వచ్చిన పదకొండేళ్లలో ఆమె ఆరు అద్దె ఇళ్లు మారింది. గోడకు మేకు కొట్టాలన్నా, పెరట్లో కరివేపాకు మొక్క నాటాలన్నా ఎవరికో ఈమెయిలు రాసి, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. ఈ ఒక్క ఇంట్లోకి మాత్రం ఎవరి అనుమతీ లేకుండా, తన వేళకు తాను, కుడికాలు పెట్టి వెళ్లాలని ఆమె కోరిక.

చిక్కల్లా పురోహితుడి దగ్గరే వచ్చింది. ఆక్లాండ్‌లో మంచిరోజు వస్తే అందరికీ ఒకేసారి వస్తుంది. "ముహూర్తం రాసుకోండమ్మా, ఇస్తాను. మనిషిని మాత్రం సర్దలేను, ఆ రోజు నాకు ఆరు ఇళ్లు" అన్నారు పంతులుగారు. కృష్ణవేణి దిగులుపడలేదు. తొమ్మిదేళ్లుగా ఆమె పూజలన్నీ 'పూజాదీపిక' అనే యాప్ చేతుల మీదుగానే జరుగుతున్నాయి. ఎప్పుడు అక్షతలు వేయాలో, ఎప్పుడు నీళ్లు వదలాలో గంభీరమైన గొంతుతో అదే చెబుతుంది.

ఆ యాప్ కొత్త ఫోనులోకి రానని మొండికేసింది. 'మీ దేశంలో ఇది లభించదు' అన్న ఒక్క వాక్యం తెరమీద నిలబడింది.

"మొన్నటిదాకా పాత ఫోన్లో మోగింది కదండీ?"

"పాత ఫోన్లు ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాం కదా" అన్నాడు భర్త రాజారావు.

"ఫోనే ఇచ్చామనుకున్నా. పంతుల్ని కూడా ఇచ్చేశామా?"

రాజారావు గిడ్డంగిలో షిఫ్టు సూపర్‌వైజరు. తాళంచెవి దొరకని సమస్య ఉండదని నమ్మే మనిషి. ఫోను ఒకటే అయినా, దానిలోకి యాప్‌లు వచ్చే దుకాణం ఒక్కో దేశానికి ఒక్కోటి. దేశం మార్చుకుంటే దుకాణమూ మారుతుందని ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. అతడు సెట్టింగుల్లోకి వెళ్లి న్యూజిలాండ్ తీసేసి ఇండియా పెట్టాడు. అక్కడి చిరునామా కావాలంది ఫోను. చదువుకునే రోజుల్లో ఉన్న గుంటూరు హాస్టలు చిరునామా గది నంబరుతో సహా ఇచ్చాడు. తరువాత పదకొండు పేజీల షరతులు వచ్చాయి. వాటిని వేలితో ఒక్క తోపు తోసి, అడుగున ఉన్న 'అంగీకరిస్తున్నాను' నొక్కాడు. పూజాదీపిక వచ్చేసింది.

"చూశావా, ఇరవై సెకన్లలో ఇండియా. టికెట్టు లేదు, వీసా లేదు."

పది గంటలకు ఇద్దరూ కొత్త ఇంటి ముందు నిలబడ్డారు. వెనుక పదిహేనుమంది బంధుమిత్రులు. వాళ్ల చేతుల్లో కలశం, కొబ్బరికాయలు, గుమ్మడికాయ, మూడు లీటర్ల పాలు. ఆ తలుపుకు తాళంచెవి లేదు. తాళంచెవి పాతకాలపు వస్తువని నవ్వి, ఇల్లమ్మిన సంస్థ ఒక యాప్ ఇచ్చింది. రాజారావు దాన్ని తెరిచాడు. కొత్త వెర్షన్ వేసుకుంటేనే పనిచేస్తానంది యాప్. వేసుకుందామని దుకాణానికి వెళ్తే, 'మీ దేశంలో ఇది లభించదు' అంది దుకాణం.

"పొద్దున్న కూడా ఇదే అంది కదండీ" అంది కృష్ణవేణి.

"పొద్దున్న మనం ఇక్కడున్నామని అంది. ఇప్పుడు అక్కడున్నామని అంటోంది."

"అయితే మళ్లీ ఇక్కడికి రండి."

రావడానికి ప్రయత్నించాడు. ఒకసారి దేశం మార్చినవారు మళ్లీ మార్చుకోవాలంటే ఏడాది ఆగాలట. ఆ సంగతి పదకొండు పేజీల్లో ఎక్కడో ఉందట. కృష్ణవేణి తన ఫోను తీసింది. అదీ ఆ మాటే అంది. కుటుంబ ఖాతాలో పెద్ద ఏ దేశం వెళితే మిగిలినవాళ్లూ ఆ దేశమే వెళ్లాలన్నది మరో షరతు.

"నన్నొక మాట అడక్కుండా గుంటూరు ఎలా తీసుకెళ్లారండీ?"

రాజారావు స్నేహితుడు భార్గవ్ ముందుకొచ్చాడు. చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు సిటీ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాడు. "నా ఫోను వేరే కంపెనీది, వేరే దుకాణం. ఉండన్నా" అని తాళం యాప్ దించాడు. అది వెంటనే వచ్చింది. వచ్చి, యజమాని ఫోనులోని యాప్‌లో అనుమతి నొక్కమంది. యజమాని ఫోను గుంటూరులో ఉంది.

ఇల్లమ్మిన సంస్థ ఆఫీసుకు శనివారం సెలవు. ఇక మిగిలింది దుకాణం వారి సహాయకేంద్రం. ఖాతా ఇండియాది కనుక ఫోను నేరుగా హైదరాబాదుకు వెళ్లింది. హేమశ్రీ అనే అమ్మాయి ఎత్తి, రాజారావు ఇంగ్లిషు రెండు వాక్యాలు విని తెలుగులోకి వచ్చేసింది.

"సర్, మీరు గుంటూరులో ఉన్నారు. ఆ తాళం యాప్ గుంటూరులో రాదు సర్."

"నేను పాపకూరలో ఉన్నానమ్మా, మా ఇంటి ముందు."

"మా సిస్టంలో గుంటూరనే ఉంది సర్. హాస్టల్, రూం నంబర్ పద్నాలుగు."

"అది నేనే రాశానమ్మా."

"అదే చెప్తున్నా సర్, మీరే రాశారు."

"ఫోను నాది, ఇల్లు నాది. నా ఇంట్లోకి నేను వెళ్లడానికి మీరు ఒప్పుకోకపోవడమేంటి?"

"మేం ఒప్పుకోకపోవడం కాదు సర్. మీరు ఒప్పుకున్నారు" అంది హేమశ్రీ ఎంతో మర్యాదగా. "ఇంకేమైనా సహాయం కావాలా సర్?"

పది ముప్ఫై మూడు. పాలగిన్నె ఒక చేతినుంచి ఇంకొక చేతికి మారుతోంది. తొమ్మిది నిమిషాలు పోతే మళ్లీ ముహూర్తం ఏడు వారాల తరువాత. ఆదివారంతో అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. కృష్ణవేణి ఇంటిచుట్టూ ఒకసారి నడిచి వచ్చింది. రంగు ఆరడానికి పనివాళ్లు కాబోలు, వంటింటి కిటికీ తెరిచి ఉంచారు.

"కిటికీలోంచి వెళ్తాను" అంది.

భార్గవ్ అప్పటికే తాళం షరతులు చదువుతున్నాడు. ఆ రోజు షరతులు చదివినవాడు అతడొక్కడే. "వదినా, ఆగండి. తలుపు కాకుండా ఇంకో దారిన లోపలికెళ్తే వారంటీ పోతుందని ఉంది."

"ఎవరి వారంటీ?"

"తాళానిది."

"పోనీ. ఇల్లు మిగుల్తుంది కదా."

పక్కింటి ట్రేసీ కంచె మీదుగా ఇదంతా చూసి, మడతనిచ్చెన మోసుకొచ్చింది. వేసేముందు మాత్రం, "ఇది మీ ఇల్లేనా?" అని ఇంగ్లిషులో మెల్లగా అడిగింది.

"మాదే" అంది కృష్ణవేణి. "ఇంకో ఆరు నిమిషాల్లో."

పట్టుచీర కుచ్చిళ్లు బిగించి, చంకలో పాలగిన్నెతో ఆమె నిచ్చెన ఎక్కింది. కింద పదిహేనుమంది ఏకకంఠంతో "కుడికాలు, కుడికాలు" అన్నారు. సరిగ్గా పది నలభై రెండుకు కుడికాలే ముందు వంటింటి గట్టుమీద ఆనింది. తరువాత ఆమె దిగి, నడిచి, తలుపు దగ్గరకు వెళ్లి గుబ్బ తిప్పింది. లోపలివైపు నుంచి ఆ తలుపు ఎవరినీ ఏమీ అడగలేదు.

అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. రాజారావు గర్వంగా పూజాదీపిక నొక్కి ఫోను పీటమీద పెట్టాడు. గంభీరమైన గొంతు సంకల్పం అందుకుంది. ఏ పూజకైనా ముందు, చేసేవారు భూమ్మీద ఏ చోట ఉన్నారో దేవుడికి విన్నవించుకోవాలి. యాప్ ఖాతాలోని చిరునామా తీసుకుంది. "కృష్ణా కావేర్యోః మధ్యదేశే, గుంటూరు నగరే," అని సాగి, హాస్టలు పేరుమీదుగా పద్నాలుగో నంబరు గదికి గృహప్రవేశం మొదలుపెట్టింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వవచ్చో లేదో తెలియక కృష్ణవేణి ముఖంలోకి చూశారు. ఆమె ఆలోచిస్తోంది. తొమ్మిదేళ్లుగా వింటోంది, ఎప్పుడూ తన నోటితో అనలేదు. తప్పు దొర్లుతుందన్న భయంతో ఆ గొంతు వెనుకే ఉండిపోయింది. చేయి చాచి ఫోను ఆపేసింది.

"మనుకావు సముద్రపు పాయకు దగ్గర్లో, పాపకూర అనే ఊళ్లో, ఇవాళే అడుగుపెట్టిన ఈ ఇంట్లో, కృష్ణవేణి అనే నేను" అని తెలుగులోనే మొదలుపెట్టింది. తరువాతి మాటకు ముందటి మాట దారి చూపింది. రెండు చోట్ల మరచిపోయి, తనకు తోచినది చెప్పుకుంది. పాలు పొంగి పొయ్యిమీద పడ్డాయి.

ఆ నెలలోనే పక్క ఊరు మనురేవాలో రెండు గృహప్రవేశాలకు ఆమెకు పిలుపు వచ్చింది. తనకు కుదరని ఇళ్లకు ఇప్పుడు పంతులుగారే ఆమె నంబరు ఇస్తున్నారు. ఆమె ఎవరికీ ఏ షరతులూ పెట్టదు. వంటింటి కిటికీ నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో మాత్రం ముందుగా కనుక్కుంటుంది.